లద్దాఖ్ వెళ్లేలోపు ఆ ఆయాసం సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 47. కాకినాడ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. వచ్చే నెల ఒక ట్రావెల్స్ వారి బృందంతో లద్దాఖ్ వెళ్తున్నాను. మొత్తం 14 మందిలో నాకు తెలిసినవారు ఒక్కరూ లేరు. ఇంట్లోవాళ్లు తోడు లేకుండా ఇదే మొదటి ప్రయాణం. మొదటి రోజు విమానంలో లేహ్ చేరతాం. మర్నాడే ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయకు, నాలుగో రోజు పాంగాంగ్ సరస్సు దగ్గర బస. కొత్త చోట నాకు నిద్ర పట్టదు. మా వారు వాడే అల్ప్రాజోలం సగం మాత్ర వేసుకోవచ్చా? కర్పూరం, చిన్న ఆక్సిజన్ డబ్బా తీసుకెళ్తే చాలా? చలికి ముఖం పగలకుండా ఏం రాసుకోవాలి? బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. రెండేళ్ల క్రితం అలిపిరి నుంచి మెట్లన్నీ ఎక్కాను కాబట్టి కొండలంటే భయం లేదు. ఈ మధ్య నెలసరి ఎక్కువ రోజులు ఉంటోంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది. వయసు వల్లే కదా?

జవాబు: అమ్మా, ముఖానికి రాసుకునే క్రీము సంగతి తర్వాత చూద్దాం. చివరి రెండు మాటలే ముందు రాయాల్సింది. రెండేళ్ల క్రితం మూడున్నర వేల మెట్లు ఎక్కినవారికి ఇప్పుడు రెండంతస్తులకే ఆయాసం వస్తోందంటే దాన్ని వయసు మీదకు నెట్టేయకూడదు. నెలసరి ఎక్కువ రోజులు ఉంటోంది కనుక నా మొదటి అనుమానం రక్తహీనత. గుండె, థైరాయిడ్ సమస్యల వల్ల కూడా ఇలా కావచ్చు. మిమ్మల్ని చూడకుండా ఫలానాదే అని చెప్పలేను. ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి రక్త పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ చేయించుకోండి. అవసరమనిపిస్తే వారే ఎకో (గుండె స్కానింగ్) కూడా రాస్తారు. గర్భాశయంలో గడ్డలేమైనా ఉన్నాయేమో స్త్రీల వైద్య నిపుణురాలికి చూపించి స్కాన్ చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. ఐరన్ మాత్రలు నాలుగు రోజుల్లో పనిచేయవు, వారాలు పడుతుంది. ఆలస్యం చేయవద్దని చెప్పేది అందుకే. సెలవుల్లో చూపించుకుందాం అనుకోవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొండల మీద కూడా గాలిలో ప్రాణవాయువు పాలు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో ఒక్కో శ్వాసకు కాకినాడలో అందే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అందుతుంది. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా దగ్గర దాదాపు సగమే. ఆ కాస్తను మోసుకెళ్లాల్సిన హిమోగ్లోబిన్ కూడా తక్కువైతే గుండె మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు. అక్కడ తెలిసేది కాళ్ల సత్తువే. హిమాలయాల ఎత్తుకు ఒళ్లు ఎలా తట్టుకుంటుందో దాన్ని బట్టి చెప్పలేం. రోజూ వ్యాయామం చేసే పాతికేళ్ల కుర్రవాళ్లు కూడా లేహ్‌లో వాంతులతో పడకేస్తారు.

మీ ప్రయాణ ప్రణాళిక కూడా నాకు నచ్చలేదు. విమానంలో నేరుగా దిగినవాళ్లు లేహ్‌లో కనీసం రెండు రాత్రులు గడపాలి. మొదటి రోజంతా విశ్రాంతే. మెట్లెక్కి శాంతి స్తూపం చూడటం కూడా మర్నాటికి వాయిదా వేయాలి. నుబ్రాలో పడుకోవడం వల్ల భయం లేదు, అది లేహ్ కంటే కొంచెం కిందే. చిక్కంతా దారిలో దాటాల్సిన కనుమతోనే. పాంగాంగ్ సుమారు 4,250 మీటర్లు. నుబ్రా నుంచి వెళ్తే ఒక్కరోజులో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి పడుకుంటారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు పాటించే లెక్క. పైగా పాంగాంగ్‌లో రాత్రి ఒంట్లో బాగోలేక నేరుగా లేహ్‌కు బయలుదేరితే, 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ ఎక్కితే గాని కిందికి దిగలేరు. లేహ్‌లో ఒక రాత్రి పెంచమని, పాంగాంగ్‌ను ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేలా మార్చమని ట్రావెల్స్ వారిని అడగండి. మీతో వచ్చేవారికీ అది మేలే.

నిద్రమాత్ర వద్దు. సగమైనా వద్దు. ఆ ఎత్తులో నిద్రలో శ్వాస కాసేపు వేగంగా సాగుతుంది, కాసేపు ఆగినట్టు ఉంటుంది. అల్ప్రాజోలం ఆ శ్వాసను ఇంకా మందగింపజేస్తుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. ఎత్తు వల్ల మెదడులో వాపు వచ్చినవారు మత్తుగా, తికమకగా ఉంటారు. మాత్ర వేసుకుని ఉంటే అది మందు మత్తో జబ్బో పక్కనున్నవారికి ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరు వేసుకోవడం మనకు బాగా అలవాటైపోయింది. దయచేసి ఆ డబ్బా మీ వారి దగ్గరే ఉంచి వెళ్లండి. మొదటి రెండు రాత్రులు అక్కడ ఎవరికీ సరిగా నిద్ర పట్టదు, అంతమాత్రాన ముప్పేమీ లేదు. మద్యం అలవాటుంటే అదీ వద్దు.

ఎత్తు జబ్బు రాకుండా బృందంలో అందరూ డయామాక్స్ వేసుకుంటున్నారని మీరూ వేసుకోకండి. అది ఎసిటజోలమైడ్. మంచి మందే, చాలామందికి మేమూ రాస్తాం. కానీ మీరు ఇప్పటికే మూత్రం ఎక్కువ చేసే బీపీ మందు వాడుతున్నారు. రెండూ కలిస్తే పొటాషియం పడిపోవచ్చు. సల్ఫా మందులు పడనివారు ముందే ఆ సంగతి చెప్పాలి. వేసుకోవాలా, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరే నిర్ణయించాలి. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపేయవద్దు.

అన్నిటికంటే నాకు భయం మొహమాటం గురించి. ఇంట్లోవాళ్లతో వెళ్తే తలనొప్పి అని అరగంటకోసారి చెబుతారు. కొత్తవాళ్ల మధ్య చెప్పరు. నా వల్ల అందరి ప్రయాణం పాడవుతుందని నవ్వుతూ కూర్చుంటారు. నా దగ్గరికి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి అలాగే వ్యాన్లో కిటికీ పక్కన కూర్చుని రెండు రోజులు తలనొప్పి దాచారు. ఏమీ తినకుండా ఉపవాసమని చెప్పారట. మూడో రోజు బండి దిగబోయి తూలితే గాని ఎవరికీ తెలియలేదు. లేహ్ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి కాపాడారు. కొత్తవాళ్లకు మీ మామూలు నడక, మాట ఎలా ఉంటాయో తెలియదు. అందుకే మొదటి రోజే మీ గదిలో ఉండే ఆవిడకు మీ బీపీ, ఆయాసం సంగతి చెప్పండి. మాత్రల చీటీ ఎక్కడుందో చూపించండి.

తలనొప్పితో పాటు వికారం, నీరసం, కళ్లు తిరగడం ఉంటే ఇంకేమని తేలేదాకా అది ఎత్తు జబ్బే. ఆ రోజు పైకి వెళ్లకూడదు. నేల మీద పలకల మధ్య గీత చూసుకుని, మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు నడవండి. తూలితే, మాట తడబడితే, మాట్లాడకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, పడుకుంటే దగ్గు వస్తే తెల్లారేదాకా ఆగవద్దు. ఆక్సిజన్ పెట్టించుకుని, డాక్టరును కలిసి, కిందికి దిగాలి. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడం తరచుగా రెండో రాత్రే మొదలవుతుంది. లేహ్‌లో సోనమ్ నుర్బు స్మారక ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అక్కడివారికి ఈ జబ్బు రోజూ చూసేదే. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి.

కర్పూరం వాసనకు ఊపిరి ఆడినట్టు అనిపిస్తుందే తప్ప రక్తంలో ప్రాణవాయువు పెరగదు. పొరపాటున మింగితే విషం. చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని నమ్ముకుని పైకి వెళ్లవద్దు. ముఖానికి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, పెదవులకు వాజలీన్, కళ్లకు నల్ల అద్దాలు చాలు.

డబ్బు కట్టేశాను కదా అని మాత్రం వెళ్లకండి. ప్రయాణం రద్దు చేసుకునే గడువు ఎప్పటివరకో ఇవాళే కనుక్కుని, పరీక్షల ఫలితాలు ఆలోపే మీ డాక్టరుకు చూపించండి.