వర్డ్ ఫైల్‌ని పవర్‌పాయింట్‌లోకి తెస్తే ప్రతి పేరా ఒక్కో స్లైడ్‌గా విడిపోతోందా? హెడ్డింగ్ స్టైల్స్ పెట్టలేదు

మీరు వర్డ్‌లో హెడ్డింగ్ స్టైల్స్ (ఇది శీర్షిక అని గుర్తుపెట్టే హెడ్డింగ్ 1, హెడ్డింగ్ 2 లాంటివి) వాడకుండా, శీర్షికల్ని బోల్డ్ చేసి, అక్షరాల సైజు పెంచి వదిలేసినట్టున్నారు. మన కంటికి అవి శీర్షికలే. పవర్‌పాయింట్‌కి మాత్రం అంతా నార్మల్ టెక్స్టే. అందుకే ప్రతి పేరాకీ ఒక కొత్త స్లైడ్ వచ్చింది.

1. వర్డ్‌లో ఒక శీర్షికను సెలెక్ట్ చేయండి. హోమ్ ట్యాబ్‌లో సెలెక్ట్ మెనూ తెరిచి, ఒకే ఫార్మాటింగ్ ఉన్న టెక్స్ట్ అంతా ఎంచుకునే ఆప్షన్ నొక్కండి. ఒక్కొక్కటీ వెతుక్కునే పని తప్పుతుంది.

2. కంట్రోల్ + ఆల్ట్ + 1 నొక్కితే అవన్నీ హెడ్డింగ్ 1 అవుతాయి. ఇవే స్లైడ్ టైటిల్స్.

3. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. టైటిల్ కింద కనిపించాల్సిన పాయింట్లకి కూడా హెడ్డింగ్ 2 పెట్టాలి (కంట్రోల్ + ఆల్ట్ + 2). నార్మల్‌లోనే ఉంచితే టైటిల్స్ మాత్రమే వచ్చి, కింద ఖాళీగా ఉంటుంది. ఉప పాయింట్లుంటే హెడ్డింగ్ 3. పెద్ద పేరాలకి పెట్టకండి, స్లైడ్ నిండిపోతుంది; ముందు వాటిని చిన్న వాక్యాలుగా కుదించండి.

4. హెడ్డింగ్ 1 పడిన ఖాళీ లైన్లుంటే తీసేయండి. లేకపోతే ఖాళీ స్లైడ్లు వస్తాయి.

5. ఫైల్ సేవ్ చేసి, వర్డ్ మూసేయండి. తెరిచి ఉంటే ఎర్రర్ రావచ్చు.

6. పవర్‌పాయింట్‌లో హోమ్ → న్యూ స్లైడ్ → స్లైడ్స్ ఫ్రమ్ అవుట్‌లైన్. ఫైల్ ఎంచుకోండి.

ఫాంట్లు, రంగులు వర్డ్‌లోవే వస్తే, ఎడమవైపు స్లైడ్లన్నీ సెలెక్ట్ చేసి రీసెట్ నొక్కండి.

బొమ్మలు, టేబుల్స్ ఈ పద్ధతిలో రావు, విడిగా పేస్ట్ చేసుకోవాలి.