టెక్ సందేహాలు: హామ్ రేడియోలో ఏఎం కోసం లీనియర్ (సిగ్నల్ బలం పెంచే పవర్ యాంప్లిఫయర్) కొనేటప్పుడు పెట్టె మీద రాసిన వాట్లు నమ్మొచ్చా?

ప్రశ్న: నా దగ్గర ఐకామ్ ఐసీ-7300 హామ్ రేడియో రిగ్గు (ట్రాన్సీవర్) ఉంది. రాత్రిళ్లు 3.885 మెగాహెర్ట్జ్ మీద ఏఎంలో మాట్లాడేవాళ్లతో కలుద్దామంటే, ఈ రిగ్గు ఇచ్చే 25 వాట్ల క్యారియర్ (గొంతును మోసుకెళ్లే మూల తరంగం) బ్యాండ్ గోలలో కొట్టుకుపోతోంది. ఇక్కడ పాత లీనియర్లు రెండు అమ్మకానికి వచ్చాయి. ఒకటి నాలుగు 811ఏ ట్యూబుల ఏఎల్-811హెచ్, రెండోది రెండు 3-500జెడ్ ట్యూబుల ఎస్‌బీ-220. 811హెచ్‌కి 800 వాట్లని రాశారు. నాకు అది చాలదా? (డాలస్ నుంచి)

జవాబు: ఆ 800 వాట్లు ఎస్‌ఎస్‌బీ (క్యారియర్ లేకుండా ఒక పక్క భాగాన్నే పంపే పద్ధతి) మాటకు వచ్చే శిఖరం, అంటే పీఈపీ (శిఖరం దగ్గరి పవర్). ఎస్‌ఎస్‌బీలో మాటకూ మాటకూ మధ్య ట్యూబుకు విశ్రాంతి దొరుకుతుంది. ఏఎంలో మీరు నోరు మూసుకుని కూర్చున్నా క్యారియర్ పోతూనే ఉంటుంది. నూరు శాతం మాడ్యులేషన్‌లో, అంటే గొంతు క్యారియర్‌ని పూర్తిగా ఊపినప్పుడు, వోల్టేజి రెట్టింపవుతుంది కాబట్టి శిఖరం దగ్గర పవర్ క్యారియర్‌కి నాలుగింతలు. ఈ లెక్కన 800ని నాలుగుతో భాగించి 200 వాట్ల క్యారియర్ పెట్టేయొచ్చు అనుకుంటారు. 811 ట్యూబులు ఎక్కువగా కాలిపోయేది ఇక్కడే.

లీనియర్ శిఖరం దగ్గర 60-65 శాతం సామర్థ్యంతో పనిచేస్తుంది. క్యారియర్ దగ్గర వోల్టేజి సగమే కాబట్టి సామర్థ్యమూ దాదాపు సగానికి, మూడో వంతుకి, పడిపోతుంది. అంటే యాంటెనాకి వెళ్లే ప్రతి వాటుకీ రెండు వాట్లు ప్లేట్‌లో వేడిగా మారతాయి. 811ఏ ఒక్కోటి 65 వాట్ల వేడి తట్టుకుంటుంది, నాలుగూ కలిపి 260. మీరు 200 వాట్ల క్యారియర్ పెడితే పుట్టే వేడి 400 వాట్లు. కాబట్టి 811హెచ్‌తో 100 వాట్ల దగ్గర ఆగండి. మాట్లాడుతుండగా 811ఏ ప్లేట్ ఎర్రబడుతోందంటే వెంటనే డ్రైవ్ (రిగ్గు లీనియర్‌కి ఇచ్చే పవర్) తగ్గించాలి.

3-500జెడ్ ఒక్కోటి 500 వాట్ల వేడి మోస్తుంది. ఆ ట్యూబు ప్లేట్ ఎర్రగా వెలగడం దాని స్వభావమే, భయపడక్కర్లేదు. అమెరికాలో పరిమితి 1500 వాట్ల పీఈపీ, అంటే ఏఎం క్యారియర్‌కి 375. ట్యూబులు రెండూ దాన్ని మోస్తాయి కానీ ఎస్‌బీ-220 ట్రాన్స్‌ఫార్మర్ మోయలేదు. దానికి నిలకడగా ఇచ్చే ఇన్‌పుట్ పరిమితి 1000 వాట్లు. 250 వాట్ల క్యారియర్ అయితే ఇన్‌పుట్ 750, వేడి 500. ఇది హాయిగా నడిచే చోటు. మీ 25 వాట్ల మీద 10 డెసిబెల్స్ పెరుగుదల. 811హెచ్‌తో వచ్చేది 6 డెసిబెల్స్, అవతలి సిగ్నల్ మీటర్ మీద ఒక్క మెట్టు (ఎస్ యూనిట్). నేనైతే ఎస్‌బీ-220 వైపే మొగ్గుతాను.

అయితే రెండు పనులు చేయకుండా దాన్ని వాడొద్దు. ఒకటి, హైవోల్టేజి వరుసలో ఉన్న ఎనిమిది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లూ 1970ల నాటివే అయితే అన్నీ కలిపి మార్చండి. రెండు, రిగ్గు మాట్లాడగానే లీనియర్‌ని కలిపే రిలే లైన్ మీద దాదాపు 120 వోల్టులు ఉంటాయి. ఐసీ-7300 సెండ్ పిన్ను తట్టుకునేది 16 వోల్టులే. మధ్యలో కీయింగ్ ఇంటర్‌ఫేస్ బోర్డు పెట్టకుండా కలిపితే రిగ్గు పాడవుతుంది. పెట్టె తెరిచే ముందు ప్లగ్గు పీకేయండి, హైవోల్టేజి మీటర్ సున్నాకి దిగేదాకా ఆగండి, ఆ తర్వాత కూడా చాసిస్‌కి కట్టిన షార్టింగ్ కర్రతో ప్లేట్ లైన్ తాకించి చూడండి. ఇందులో 3000 వోల్టులు ఉంటాయి. రెండో అవకాశం ఇవ్వదు.

ప్రశ్న: రెండు 811ఏలతో సొంతంగా కట్టుకున్న లీనియర్‌ని 40 మీటర్లలో ఏఎంకి వాడుతున్నాను. క్యారియర్ మీద ట్యూన్ చేస్తే 50 వాట్లు వస్తోంది. కానీ నేను మాట్లాడగానే ప్లేట్ కరెంటు ముల్లు కిందికి పడుతోంది. గొంతు నలిగిపోతోందని వినేవాళ్లు అంటున్నారు. ట్యూబులు పోయాయా? (విజయవాడ నుంచి)

జవాబు: ట్యూబుల మీదకి నెట్టకండి. ఏఎం లీనియర్ సరిగ్గా నడుస్తుంటే మీరు అరిచినా ముల్లు కదలకూడదు. ఎన్వలప్ (గొంతుతో పాటు ఎగిసిపడే తరంగం అంచు) పైకి ఎంత లేస్తుందో కిందికీ అంతే దిగుతుంది కాబట్టి సగటు కరెంటు మారదు. ముల్లు పడుతోందంటే పైశిఖరాలు తెగుతున్నాయని అర్థం. మీ ఉత్తరంలోనే కారణం ఉంది: “క్యారియర్ మీద ట్యూన్ చేస్తే” అన్నారు. 50 వాట్ల దగ్గర గరిష్ఠంగా వచ్చేలా లోడ్ చేస్తే ట్యూబు ముందు లోడ్ నిరోధం ఎక్కువైపోతుంది. దాంతో 200 వాట్ల శిఖరానికి కావలసినంత ప్లేట్ వోల్టేజి ఊగడానికి చోటు ఉండదు.

యాంటెనా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ని వేడిగా మింగే నిరోధం) పెట్టండి. రిగ్గును సీడబ్ల్యూ (మోర్స్) మోడ్‌లో ఉంచి, కీయర్‌తో చుక్కలు మాత్రమే వదులుతూ, డ్రైవ్ పెంచుకుంటూ 200 వాట్ల శిఖరం వచ్చేలా ప్లేట్, లోడ్ నాబులు తిప్పండి. ఒక్కో విడత పది సెకన్లు మించకూడదు, మధ్యలో ట్యూబులను చల్లారనివ్వండి. గరిష్ఠం దొరికాక లోడ్‌ని ఇంకాస్త గట్టిగా, అంటే కెపాసిటర్ పళ్లెలు కొంచెం విడిపోయే వైపు, జరిపి ప్లేట్ మళ్లీ సరిచేయండి. ఇక నాబులు ముట్టుకోవద్దు. ఏఎంకి మారి, డ్రైవ్ ఒక్కటే తగ్గించి క్యారియర్‌ని 50కి దించండి. అప్పుడు ప్లేట్ కరెంటు ‘డిప్’ (మీటర్ అతి తక్కువ చూపే చోటు) దగ్గర లేనట్టు కనిపిస్తుంది, చేతులు దురద పెడతాయి. అయినా తిప్పకండి!

అప్పటికీ ముల్లు పడితే రిగ్గును చూడాలి. ఏఎంలో మాట్లాడుతుంటే ఏఎల్‌సీ (పవర్ ఎక్కువైతే తానే తగ్గించే ఏర్పాటు) మీటర్ కదలకూడదు. కదిలితే మీ గొంతే మీ క్యారియర్‌ని కిందికి లాగుతోంది. కంప్రెసర్ ఆపి, మైక్ గెయిన్ తగ్గించండి.

మూడోది మన కరెంటు. సాయంత్రం 230 కాస్తా 200 అయితే 6.3 వోల్టుల ఫిలమెంటు 5.5కి దిగుతుంది, హైవోల్టేజి కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. అప్పుడు శిఖరానికి బలం ఎక్కడిది? ఫిలమెంటు వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాకుండా ట్యూబు పిన్నుల దగ్గరే, నమ్మకమైన మీటర్‌తో, 6.0కీ 6.6కీ మధ్య ఉందో లేదో చూడండి. సర్వో స్టెబిలైజర్ పెడితే మంచిది.

ముల్లు పైకి లేస్తే అది వేరే జబ్బు. మాడ్యులేషన్ నూరు దాటి కింది భాగం తెగుతోందనో, ఆర్‌ఎఫ్ (బయటికి పోయే రేడియో సిగ్నల్) మైకులోకి తిరిగొస్తోందనో అర్థం. పక్క స్టేషన్ల మీద చిమ్మేది ఇదే. ఆసిల్లోస్కోప్ దొరికితే అన్ని సందేహాలూ ఒక్క చూపులో తీరతాయి: మాట్లాడేటప్పుడు శిఖరం ఎత్తు క్యారియర్ ఎత్తుకి రెట్టింపు ఉండాలి, లోయలు మధ్యగీతను తాకి కాంతి గీతగా అంటుకోకూడదు. లైసెన్సులో మీ గ్రేడుకి ఎంత పవర్ ఇచ్చారో చూసుకుని ఆ లోపలే శిఖరాన్ని ఉంచండి.

ప్రశ్న: ట్రాన్సిస్టర్ లీనియర్‌కి ట్యూనింగ్ గొడవే లేదు కదా. 1000 వాట్ల ఎల్‌డీమాస్ (ఒక రకం పవర్ ట్రాన్సిస్టర్) పెట్టెతో 250 వాట్ల ఏఎం నడపొచ్చా? (న్యూజెర్సీ నుంచి)

జవాబు: తయారీదారు 1000 వాట్లను నిలకడగా, కీ నొక్కి ఉంచి, ఇవ్వొచ్చని రాశాడా? అలాగైతే నడపొచ్చు. పూర్తి పవర్ దగ్గర 65 శాతం సామర్థ్యంతో వచ్చే వేడి దాదాపు 540 వాట్లు, 250 వాట్ల క్యారియర్ దగ్గర 500 నుంచి 580. రెండూ ఒకటే. ఎస్‌ఎస్‌బీకి మాత్రమే అని రాసి ఉంటే 150 దాటకండి. వేడి తగ్గుతుందని సప్లై వోల్టేజి దించకండి, శిఖరాలు తెగుతాయి. ఇంకో ప్రమాదం డ్రైవ్‌ది. కొన్ని రిగ్గులు పవర్ తగ్గించి పెట్టినా కీ నొక్కిన తొలి క్షణంలో పూర్తి పవర్ విసురుతాయి. 40 వాట్లతో నిండిపోయే పెట్టెకి 100 వాట్లు తగిలితే ట్రాన్సిస్టర్ పోతుంది. మధ్యలో అటెన్యుయేటర్ (పవర్ తగ్గించే భాగం) ఉంచండి.

ప్రశ్న: కారులో వాడిన 2 మీటర్ల ఎఫ్ఎం పవర్ యాంప్లిఫయర్ ఏఎంకి పనికొస్తుందా? (కరీంనగర్ నుంచి)

జవాబు: దాని మీద ఎస్‌ఎస్‌బీ స్విచ్ ఉంటే, దాన్ని వేసి, క్యారియర్‌ని రాసిన పవర్‌లో నాలుగో వంతుకి పెట్టి వాడండి. లేకపోతే అది క్లాస్-సి. చిన్న సిగ్నల్‌కి పలకదు, పెద్ద సిగ్నల్‌కి ఒకే పవర్ ఇస్తుంది. మీ గొంతులోని ఎగుడుదిగుళ్లన్నీ చెక్కేసి, బ్యాండ్ అంతా చెత్త పోస్తుంది. ఎఫ్ఎంకే ఉంచండి.