కాలిఫోర్నియా పెయిడ్ ఫ్యామిలీ లీవ్ డబ్బుకు స్టేట్ ట్యాక్స్ కట్టాలా?

అక్కర్లేదు, కానీ బిడ్డ పుట్టడం లాంటి కుటుంబ అవసరాలకు సెలవు పెడితే రాష్ట్రం ఇచ్చే ఈ డబ్బును ఫెడరల్ రిటర్న్‌లో ఆదాయంగా చూపాలి, స్టేట్ రిటర్న్‌లో మీరే తీసేయాలి. ఫెడరల్ లెక్కలో ఈ డబ్బుకు పన్ను ఉంది, కాలిఫోర్నియా చట్టంలో లేదు. చిక్కెక్కడంటే, స్టేట్ రిటర్న్ అయిన ఫారం 540 మొదలయ్యేదే ఫెడరల్ ఆదాయం అంకెతో. అందులో లీవ్ డబ్బు అప్పటికే కలిసిపోయి ఉంటుంది. ఫారం 540తో జతచేసే షెడ్యూల్ సీఏలో నిరుద్యోగ భృతి వరుస ఉంది కదా, అక్కడ తగ్గింపుల గడి అయిన కాలమ్ బీలో ఆ మొత్తం వేయాలి.

ఉదాహరణకు జీతం 90,000 డాలర్లు, బిడ్డ పుట్టాక తీసుకున్న లీవ్ డబ్బు 8,000 అనుకుందాం. ఫెడరల్‌లో 98,000 చూపి, స్టేట్‌లో 8,000 తీసేస్తే మళ్లీ 90,000.

ఈ డబ్బు ఇచ్చే రాష్ట్ర శాఖ ఈడీడీ నుంచి, ఎంత ఇచ్చారో చూపే 1099-జీ ఫారం వచ్చింది కాబట్టి రెండుచోట్లా పన్ను తప్పదని చాలామంది టెన్షన్ పడతారు. ఆ ఫారం ఫెడరల్ లెక్క కోసమే. స్టేట్‌లో పన్ను లేదు కదా అని ఫెడరల్‌లోనూ వదిలేయడం ఇంకా పెద్ద పొరపాటు. అదే సెలవుకు కంపెనీ సొంతంగా ఇచ్చిన జీతం మాత్రం కంపెనీ ఇచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2లో వస్తుంది, దానికి రెండుచోట్లా పన్ను ఉంటుంది.