శబ్దం – సందేహం: ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ ఎలా వినాలి?

ప్రశ్న: బ్రయన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ గొప్ప ఆల్బమ్ అంటే విని పెట్టాను. అరగంట గడిచినా పల్లవి లేదు, తాళం లేదు. ఇందులో దేన్ని పట్టుకుని వినాలి?
– పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఏదో మొదలవుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఇది విసుగే పుట్టిస్తుంది. కొలోన్ విమానాశ్రయంలో వేచి ఉన్నప్పుడు అక్కడ మోగుతున్న పాటలు నచ్చక బ్రిటిష్ సంగీతకారుడైన ఈనోకు వచ్చిన ఆలోచన ఇది. ఆల్బమ్ 1978లో వచ్చింది. మనుషుల మాటలకు అడ్డు రాకూడదు, మైకులో ప్రకటన కోసం మధ్యలో ఆపినా చెడకూడదు, చెవి పెట్టినవాళ్లకు మాత్రం వినడానికి సరుకుండాలి. ఇవీ ఆయన పెట్టుకున్న షరతులు.

ముందు 2/1 అనే ట్రాక్ వినండి. పేర్లలో రెండో అంకె రికార్డు పక్కను, మొదటి అంకె ఆ పక్కలో వరసను చెబుతుంది. అంటే ఇది మొదటి పక్కలో రెండోది. ముగ్గురు స్త్రీలు, వాళ్లతో ఈనో, ‘ఆ’ అంటూ నిలిపిన విడి స్వరాలివి. ఒక్కో స్వరం ఒక్కో టేపు లూపు మీద ఉంటుంది. టేపు రెండు కొసలూ అతికించి తిప్పితే అదే స్వరం అదే వ్యవధికి మళ్లీ మళ్లీ వస్తుంది. 1996లో ఒక ప్రసంగంలో ఈనో సుమారుగా చెప్పిన అంకెలు ఇవి: ఒక లూపు 23.5 సెకన్లు, ఇంకొకటి 25.875, మూడోది 29.9375. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు అనుకుంటే 23.5 సెకన్లకు 29 అడుగులు దాటుతుంది. జర్మనీలో రికార్డింగ్ నిర్మాత కోనీ ప్లాంక్ స్టూడియోలో ఆ టేపును కుర్చీల చుట్టూ ఎందుకు తిప్పాల్సి వచ్చిందో ఇక చెప్పక్కర్లేదు.

కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఈ లెక్క తెలిసిందే. ఆది తాళానికి 8 అక్షరాలు, మిశ్ర చాపుకు 7. రెండూ ఒకేసారి ఎత్తుకుంటే 56 దగ్గర మళ్లీ కలుస్తాయి. ఈనో అంకెలతో అదే లెక్క వేస్తే, మొదటి రెండు లూపులు కలవడానికే 81 నిమిషాలు కావాలి. మూడూ కలవాలంటే దాదాపు 27 రోజులు. ట్రాక్ నిడివి తొమ్మిది నిమిషాల లోపే. కాబట్టి ఏ స్వరమూ మారకపోయినా, ఏ స్వరం పక్కన ఏది పడుతుందన్నది ప్రతిసారీ మారుతూనే ఉంటుంది. చెవి పెట్టాల్సింది అక్కడే.

ఫోన్లో స్టాప్‌వాచ్ తెరవండి. అన్నిటికన్నా పైనున్న స్వరాన్ని ఎంచుకుని, అది ఎత్తుకున్న ప్రతిసారీ ‘ల్యాప్’ నొక్కండి. మీకు వచ్చే అంకె పైవాటితో కలవకపోవచ్చు, ఆయన చెప్పిందే సుమారుగా. ఒకే అంకె మళ్లీ మళ్లీ వస్తే లూపు దొరికినట్టే. తర్వాత వాచీ పక్కన పెట్టి, ఆ స్వరానికి ఈసారి ఎవరు జోడయ్యారో చూస్తూ వినండి. 1/1లోని రాబర్ట్ వయట్ పియానో ఆ తర్వాత దానంతటదే విచ్చుకుంటుంది.

ప్రశ్న: బ్లూటూత్ స్పీకర్లో పెడితే మధ్యలో ఆగిపోతోంది, ట్రాక్ మారేటప్పుడు గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఫ్యాన్ హోరులో సగం వినిపించడం లేదు. వాల్యూమ్ పెంచితే సరిపోతుందా?
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వాల్యూమ్ చివర్న చూద్దాం. ఆగిపోవడానికి కారణం చాలామటుకు ఆటో స్టాండ్‌బై. కొన్ని స్పీకర్లు, సౌండ్‌బార్లు సిగ్నల్ ఒక మట్టం కన్నా తగ్గితే పాట ఆగిందనుకుని నిద్రపోతాయి. స్వరానికీ స్వరానికీ మధ్య ఇంత నిశ్శబ్దం ఉన్న సంగీతం వాటికి ఆగిన పాటలాగే కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని తీసేయండి. ఆ వీలు లేకపోతే ఫోన్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెట్టి, స్పీకర్ మీటతో తగ్గించుకోండి. గొంతులు ఒకదాని మీద ఒకటి పడటం క్రాస్‌ఫేడ్ పని, అంటే ఒక ట్రాక్ ముగియకముందే రెండోదాన్ని మొదలుపెట్టే సెట్టింగ్. దాన్ని సున్నా చేసి, గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ రానివ్వని సెట్టింగ్) ఆన్ చేసి, షఫుల్ తీసేయండి. ఫోన్లోని సరౌండ్, డాల్బీ వంటివన్నీ ఆపండి. వాల్యూమ్ నార్మలైజేషన్లో (పాటలన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చే సెట్టింగ్) ‘లౌడ్’ అని ఉంటే ‘నార్మల్’కి మార్చండి. కొన్ని యాప్‌లలో లౌడ్ పెడితే శబ్దం హద్దు దాటకుండా అణచే లిమిటర్ పనిచేసి, మెల్లగా పెరిగే స్వరాన్ని నొక్కేస్తుంది.

ఫ్యాన్ హోరు ఎక్కువగా కింది స్థాయి ధ్వనుల్ని మింగుతుంది. వేగం ఒకటి రెండు అంకెలు తగ్గించి, స్పీకర్‌ను మీకు మీటరున్నర దూరంలోకి తెచ్చుకోండి. దూరం సగమైతే నేరుగా చెవికి చేరే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మొత్తానికి శబ్దం పెంచక్కర్లేదు. ఇక వాల్యూమ్: పక్కన కూర్చున్నవాళ్లు మామూలు గొంతుతో మాట్లాడితే మీరు ‘ఏంటీ?’ అని అడగాల్సిన అవసరం రాకూడదు. అంత తక్కువలో మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుంది కాబట్టి 100 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచండి. పాత ఆంప్లిఫయర్లలో ‘లౌడ్‌నెస్’ మీట పెట్టింది ఇందుకే.

ఒక్క డబ్బాలాంటి స్పీకర్లో ఎడమ, కుడి కలిసిపోతాయి. ఈ ఆల్బమ్‌కి అది నిజంగా పెద్ద నష్టం. జతగా వాడగలిగే మోడల్ అయితే రెండోది తీసుకోండి, లేదంటే మామూలు వైర్డ్ హెడ్‌ఫోన్స్ మేలు.

ప్రశ్న: ఈనో మూడో స్పీకర్ కలిపే పద్ధతి చెప్పాడట. మా ఆంప్లిఫయర్‌కి చేయొచ్చా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 1982లో వచ్చిన ‘ఆంబియెంట్ 4: ఆన్ ల్యాండ్’ అట్ట మీదే ఆ బొమ్మ ఉంది. ముందు రెండు స్పీకర్లు మామూలుగానే ఉంటాయి. మూడోదాని ఒక తీగ ఎడమ ఛానెల్ ఎర్ర టెర్మినల్‌కి, రెండో తీగ కుడి ఛానెల్ ఎర్ర టెర్మినల్‌కి వెళ్తాయి. నల్లవాటికి ఏదీ కలపకూడదు. దాన్ని మీ వెనక పెట్టండి. రెండు ఛానెళ్లలో ఒకేలా ఉన్నది రద్దయి, తేడా మాత్రమే అందులోంచి వస్తుంది. లోతైన బేస్ సాధారణంగా రెండు ఛానెళ్లలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి చిన్న, చౌక స్పీకర్ చాలు.

కానీ కలిపే ముందు ఇది తప్పనిసరి. ఆంప్లిఫయర్ ప్లగ్ తీసి, స్పీకర్ తీగలు విప్పి, రెండు నల్ల టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (రెండూ లోపల కలిసి ఉన్నాయా అన్నది) చూడండి. బీప్ రాకపోతే, మీటర్ సున్నాకి దగ్గరగా చూపకపోతే వదిలేయండి. ఇప్పుడు చౌకగా దొరికే చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్లు, కారువి చాలామటుకు బ్రిడ్జ్ పద్ధతివి. వాటిలో నల్ల టెర్మినల్ కూడా గ్రౌండ్ కాదు. అలాంటివాటికి ఇది తగిలిస్తే అవుట్‌పుట్ చిప్ పోవచ్చు. బీప్ వచ్చినా మాన్యువల్లో బ్రిడ్జ్ అన్న మాట లేదని చూసుకోండి.

రెండోది ఇంపిడెన్స్, అంటే ఆంప్లిఫయర్ కరెంటుకు స్పీకర్ ఇచ్చే నిరోధం. ఓమ్‌లు తగ్గేకొద్దీ భారం పెరుగుతుంది. మూడు స్పీకర్లూ 8 ఓమ్‌లవైతే, ఒక్క ఛానెలే మోగుతున్నప్పుడు ఆంప్లిఫయర్‌కి 4 ఓమ్‌ల భారం పడుతుంది. రెండు ఛానెళ్లూ పూర్తిగా ఎదురెదురైతే 2.7 దాకా దిగుతుంది. 4 ఓమ్‌లకు తగినది కాని ఆంప్లిఫయర్‌తో చేయకండి. మూడోదానికి వరసలో 10 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్ వేస్తే భారం తగ్గుతుంది, వెనక ధ్వని మితిమీరకుండా ఉంటుంది. కలిపాక మోనో నొక్కి చూడండి, మూడోది దాదాపు మూగబోవాలి. మోగుతూనే ఉంటే తీగ ఎక్కడో నల్లదానికి తగిలింది. వెంటనే ఆపండి.

ప్రశ్న: ఇదే ఆల్బమ్ ఎల్‌పీ మీద పెడితే వెనక ‘మ్‌మ్’ అని హమ్ వస్తోంది. రికార్డు పాడైందా?
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: సూది ఎత్తినా హమ్ ఉందంటే రికార్డు తప్పు లేదు. టర్న్‌టేబుల్ వెనకున్న సన్నని ఎర్తింగ్ తీగ ఫోనో ప్రీఆంప్ (సూది నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే పెట్టె) స్క్రూకి బిగుతుగా ఉందో లేదో చూడండి. చేత్తో టోన్‌ఆర్మ్ (సూదిని మోసే కడ్డీ) లోహాన్ని తాకితే హమ్ మారుతుందా? అయితే అదే లోపం. తర్వాత అడాప్టర్లను, ఎక్స్‌టెన్షన్ బోర్డును సూది ఉండే కార్ట్రిడ్జ్‌కి దూరంగా జరపండి. సూది దింపినప్పుడే గురగుర వస్తే మాత్రం స్పీకర్, టర్న్‌టేబుల్ ఒకే బల్ల మీద ఉన్నాయేమో చూసి విడదీయండి.

ప్రశ్న: మా వీణ స్వరాలతో ఇలాంటి లూపులు ఇంట్లోనే చేయాలనుంది. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది.
– పాఠకురాలు, డాలస్

జవాబు: తప్పకుండా చేయండి, ఈ సంగీతం అర్థం కావడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. మోహన రాగం ఎంచుకోండి. అందులో పక్కపక్క స్వరస్థానాలు లేవు కాబట్టి ఏ రెండు స్వరాలు కలిసి మోగినా గీరుకోవు. మొదటిసారే మాయామాళవగౌళ పట్టుకుంటే స–రి, గ–మ, ప–ద, ని–స జంటలు తగిలినప్పుడల్లా చెవి ఉలిక్కిపడుతుంది.

గమకం లేకుండా ఐదు స్వరాలు విడిగా మీటి, ప్రతిదాన్నీ పూర్తిగా ఆరిపోయేదాకా రికార్డు చేయండి. ఫోన్ రికార్డర్లో నాయిస్ సప్రెషన్ తీసేయాలి. లేకపోతే అది స్వరం తోకను చప్పుడనుకుని కోసేస్తుంది. ఒక్కో స్వరాన్ని ఒక్కో ట్రాక్‌లో పెట్టి, ముందు భాగం జీరో క్రాసింగ్ (ధ్వని తరంగం మధ్య గీతను దాటే చోటు) దగ్గర కోయండి. తోకకు ఫేడ్ అవుట్ ఇవ్వండి. కోసిన చోట ‘టిక్’ అంటే ఈ రెంటిలో ఒకటి సరిగా కాలేదు. తర్వాత ప్రతి ట్రాక్ చివర నిశ్శబ్దం చేర్చి వేర్వేరు నిడివులకు తెండి: 17.3, 19.9, 23.5, 25.9, 29.9 సెకన్లు. 15, 20, 30 వంటి గుండ్రటి అంకెలు వద్దు. అవి నిమిషానికోసారి కలిసిపోయి, అంతా ఒకే ముక్క తిరిగినట్టుంటుంది.

ఇప్పుడు రిపీట్ ఎఫెక్ట్. 23.5 సెకన్ల ట్రాక్‌కి 50 అని ఇస్తే అసలుది కలిపి 51 సార్లు, అంటే 20 నిమిషాలకు సెకనున్నర తక్కువ వస్తుంది. మిగతావీ 20 నిమిషాలకు దగ్గరగా చూసుకోండి. రివర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్టు చేసే ఎఫెక్ట్) మాత్రం రిపీట్ అయ్యాకే వేయాలి. ముందే వేస్తే దాని తోక లూపు అంచు దగ్గర తెగి, ప్రతి చుట్టుకీ అదే చోట తలుపు మూసినట్టు వినిపిస్తుంది. అన్ని ట్రాక్‌లూ ఒకేసారి మోగే క్షణం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కాబట్టి ఒక్కోదాన్నీ 12 డెసిబెల్స్ తగ్గించి, మీటర్ ఎర్రబడకుండా చూసుకుని ఎక్స్‌పోర్ట్ చేయండి.