ఫొటో ఏ దారిలో సైట్‌కి చేరిందో ముందు అది చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు తీసిన 24 మెగాపిక్సెల్ ఫొటోలు ఒక్కోటి 11 ఎంబీ దాకా ఉన్నాయి, సైట్‌లో పెట్టి మళ్ళీ దించుకుంటే మూడు నాలుగొందల కేబీకి పడిపోతున్నాయి, జూమ్ చేస్తే మొహాలు అలుక్కుపోతున్నాయి, మరి ఒరిజినల్ క్వాలిటీ పోకుండా ఎక్కడ పెట్టాలి అని.

నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు. చీమకుర్తిలో గ్రానైట్ యార్డులో ఉంటాను, పాలిష్ అయిన స్లాబులకు ఫొటోలు తీసి కొనే పార్టీలకు పంపడం నా పనిలో ఒక భాగం. మా బ్లాక్ గెలాక్సీ రాయి చూసుంటారుగా, నల్లటి రాయి మీద బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ధర మాట్లాడేది ఆ చుక్కల సైజునీ, ఎంత ఒత్తుగా ఉన్నాయన్నదాన్నీ చూసే. పొద్దున్నే ఎండ ముదరకముందు స్లాబుని తడిగుడ్డతో తుడిచి, మార్కర్‌తో రాసిన లాట్ నంబర్ కూడా పడేట్టు జాగ్రత్తగా తీస్తాం. అదే ఫొటో మామూలుగా మెసేజ్‌లో పంపితే అవతలి ఫోన్‌లో చుక్కలు సగం మాయం. "గెలాక్సీ అడిగితే ఉత్త నల్లరాయి చూపిస్తారేంటండీ" అని పార్టీ అడిగితే ఏం చెప్తాం.

ఇలా ఎందుకవుతుందంటే, ఫొటో ఫైలుని చిన్నది చేసే జేపెగ్ పద్ధతి బొమ్మని 8×8 పిక్సెళ్ళ గడులుగా కోసి, మన కంటికి పెద్దగా ఆనవు అనుకున్న సన్నటి తేడాలని ముందు వదిలేస్తుంది, రంగుల వివరాన్ని ఇంకాస్త ఎక్కువగా తగ్గిస్తుంది. మా చుక్కలూ, మీ జనంలో దూరంగా ఉన్న మొహాలూ ఆ సన్నటి తేడాలే. దీనికి ముందే సైజు కూడా కుదించేస్తారు. మీ 24 మెగాపిక్సెల్ ఫొటో 6000×4000 ఉంటుంది, వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు 1600 పిక్సెళ్ళ చుట్టుపక్కలకి వస్తుంది, అంటే మొత్తం పిక్సెళ్ళలో మిగిలేది దాదాపు పద్నాలుగో వంతు. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ కొంత నయం, కానీ అదీ కుదించేదే. అందుకే నేను మొదట అడిగేది, కెమెరా నుంచి ఫోన్‌కీ, ఫోన్ నుంచి కంప్యూటర్‌కీ ఆ ఫొటో ఎలా వచ్చింది అని. మధ్యలో ఎవరైనా వాట్సాప్‌లో పంపినదే మీరు సైట్‌లో పెట్టి ఉంటే సైట్‌ని తిట్టి లాభం లేదు. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. టెలిగ్రామ్‌లో అయితే ఫైల్‌గా పంపాలి. కార్డ్ రీడరో కేబులో ఉంటే ఈ గొడవే లేదు.

ఇక సైట్ల సంగతి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చూపించడానికే గానీ దాచుకోవడానికి కాదు, అక్కడ ఒరిజినల్ ఆశించకండి. అక్కడ పెట్టేటప్పుడు మీరే ముందుగా కుదించి పెట్టడం మేలు: ఫేస్‌బుక్‌కి పొడుగు వైపు 2048, ఇన్‌స్టాకి వెడల్పు 1080, కుదించాక కొద్దిగా షార్పెన్, కలర్ ప్రొఫైల్ (ఫైలులోని రంగులని ఎలా చూపించాలో చెప్పే సెట్టింగ్) ఎస్‌ఆర్‌జీబీ. కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ అనే వేరే ప్రొఫైల్ పెట్టి ఉంటే సైట్‌లో రంగులు వెలిసిపోయినట్టు కనపడే అవకాశం ఉంది, క్వాలిటీ పోయిందని మనం అనుకునేవాటిలో కొన్ని ఇవే.

గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ క్వాలిటీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది స్టోరేజ్ సేవర్‌లో ఉంటే ఫొటోని కుదిస్తుంది, 16 మెగాపిక్సెళ్ళు దాటినవాటిని 16కి దించేస్తుంది, మీ 24 అందులో పడ్డట్టే. ఒరిజినల్ క్వాలిటీకి మార్చుకోండి, కాకపోతే ముందే కుదించినవి మార్చినంత మాత్రాన తిరిగి రావు. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించినవి ఏ క్వాలిటీవైనా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్క, అందులో జీమెయిల్‌కీ వాటా ఉంది. కాబట్టి వెయ్యి పైచిలుకు ఫొటోలకే నిండిపోతుంది, డబ్బు కట్టకుండా చాలాకాలం నడవదు. గూగుల్ డ్రైవ్‌లో మామూలు ఫైలులా ఎక్కించి లింక్ ఇస్తే దాని జోలికి ఎవరూ రారు, నేను పార్టీలకి ఇచ్చేది ఆ లింకే. ఫొటోలు పెట్టుకునే ఫ్లికర్ సైట్ కూడా ఉంది గానీ ఉచిత ఖాతాకి 1000 ఫొటోలే.

రొట్టెల పండుగ ఫొటోలు కాబట్టి ఇంకో మాట, వికీపీడియా వాళ్ళ ఫొటోల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో పెడితే తెరమీద చిన్నది చూపించినా మీ అసలు ఫైలుని యథాతథంగా ఉంచుతారు, ఎవరైనా దించుకోవచ్చు. అయితే అక్కడ స్వేచ్ఛా లైసెన్స్ ఇవ్వాలి, అంటే మీ పేరు చెప్పి ఎవరైనా వ్యాపారానికి సైతం వాడుకోవచ్చు. అది ఇష్టం లేకపోతే వద్దు.

ఎక్కడ పెట్టినా ఒక ఫొటోతో పరీక్ష చేయండి. ఎక్కించి, వేరే ఫోన్‌లోంచి దించుకుని, ప్రాపర్టీస్‌లో పిక్సెళ్ళూ, ఫైలు సైజు బైట్లతో సహా సరిపోయాయో లేదో చూడండి. కంటితో చూసి బాగానే ఉందనుకోవడం కుదరదు, ఫోన్ తెర మీద అన్నీ బాగానే ఉంటాయి, ప్రింట్‌కి వెళ్ళినప్పుడే బయటపడుతుంది. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 1600 పిక్సెళ్ళు అంటే అయిదంగుళాల పైచిలుకు, అంతే. పెద్ద ఫ్రేమ్ కట్టిద్దామంటే చాలదు.

అన్నట్టు, ఒరిజినల్ ఫైలులో ఎప్పుడు తీశారు, ఏ కెమెరా అనేవే కాక, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో కూడా ఉంటుంది. పండుగ ఫొటోలకి పర్లేదు గానీ ఇంట్లో పిల్లల ఫొటోలు ఒరిజినల్‌గా ఇచ్చేముందు అది తీసేయండి.

ఇప్పటికే పాడైనవాటిని యాప్‌లతో బాగుచేయాలని చూడకండి, అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి, మొహాలు వేరే మనుషులవైపోతాయి. మెమొరీ కార్డు ఫార్మాట్ చేయకుండా ఉంటే అసలువి అందులోనే ఉంటాయి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టండి.