ఒకే ప్రాక్సీ, రెండు బయటి చిరునామాలు

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో ఉబుంటు లినక్స్ మీద స్క్విడ్ అనే ప్రాక్సీ సర్వర్ (అందరి తరఫున ఇంటర్నెట్‌కు వెళ్లి పేజీలు తెచ్చే మధ్యవర్తి) నడుపుతున్నాము. ఇద్దరు ఇంటర్నెట్ ప్రొవైడర్ల లైన్లు నేరుగా ఆ యంత్రానికే వస్తాయి. గ్రంథాలయం చందా కట్టిన పరిశోధన పత్రికలు మొదటి లైను చిరునామా 203.0.113.10 నుంచి వెళితేనే తెరుచుకుంటాయి. హాస్టల్ వాడకమంతా రెండో లైను చిరునామా 198.51.100.20 మీదుగా పోవాలి. కాన్ఫిగరేషన్ ఫైలులో ముందు రెండో చిరునామాను అందరికీ, దాని కింద మొదటిదాన్ని గ్రంథాలయానికి రాస్తే, అందరూ రెండోదానితోనే బయటికి వెళ్లారు. వరుసలు తారుమారు చేస్తే గ్రంథాలయంలో ఇప్పుడు ఏ పేజీ తెరుచుకోవడం లేదు. పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

(అసలు చిరునామాల స్థానంలో ఉదాహరణల కోసం కేటాయించిన అంకెలు వేశాము.)

జవాబు: మీ మొదటి పొరపాటును మీరే దిద్దుకున్నారు. బయటికి వెళ్లే చిరునామాను నిర్ణయించే ‘టీసీపీ_అవుట్‌గోయింగ్_అడ్రస్’ అనే ఆదేశం ఎన్నిసార్లు రాసినా స్క్విడ్ వాటిని పైనుంచి కిందికి చదివి, పూర్తిగా సరిపోయిన మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. ఏ ఏసీఎల్ షరతూ (ఎవరికి, దేనికి వర్తిస్తుందో చెప్పే నిబంధన) లేని వరుస ఎవరికైనా సరిపోతుంది కనుక, దాన్ని పైన పెడితే కింద రాసినవేవీ పనిచేయవు. అది ఎప్పుడూ చివర ఉండాలి.

రెండో సమస్య స్క్విడ్ తప్పు కాదు. ఈ ఆదేశం చేసే పని, కవరు మీద ‘పంపినవారు’ అన్నచోట ఏ చిరునామా రాయాలో నిర్ణయించడం మాత్రమే; కవరును ఏ తపాలా డబ్బాలో వేయాలో నిర్ణయించేది లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), అదీ సాధారణంగా గమ్యాన్ని చూసే తప్ప పంపినవారిని చూసి కాదు. మీ యంత్రానికి డిఫాల్ట్ గేట్‌వే (వేరే దారి చెప్పనప్పుడు అన్నీ బయటికి వెళ్లే ద్వారం) బహుశా రెండో ప్రొవైడరుదై ఉంటుంది. అప్పుడు 203.0.113.10 పేరుతో బయల్దేరిన ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) రెండో లైనులోకి వెళతాయి, తనది కాని చిరునామాతో వచ్చిన వాటిని ఆ ప్రొవైడరు పారేస్తాడు. నకిలీ చిరునామాల దాడులను ఆపడానికి ఇలా వడకట్టమని 2000లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2827 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెబుతోంది కాబట్టి ప్రొవైడరుతో వాదించి లాభం లేదు.

మందు కెర్నల్‌కే వేయాలి. 101 అనే సంఖ్యతో ఒక ప్రత్యేక రౌటింగ్ పట్టిక (ఏది ఏ దారిన పోవాలో చెప్పే జాబితా) తయారుచేసి, అందులో మొదటి ప్రొవైడరు గేట్‌వేను డిఫాల్ట్‌గా పెట్టి, ‘ఐపీ రూల్’ ఆదేశంతో 203.0.113.10 నుంచి బయల్దేరేవన్నీ ఆ పట్టికనే చూడాలని నియమం చేర్చండి. ఆదేశాలను టెర్మినల్‌లో ఇచ్చి వదిలేస్తే యంత్రం రీస్టార్ట్ అయినప్పుడు పోతాయి. ఉబుంటు నెట్‌వర్క్ అమరికలు ఉండే నెట్‌ప్లాన్ ఫైలులో రాయండి. అప్పటికీ జవాబులు రాకపోతే వచ్చే ప్యాకెట్ల తిరుగుదారిని సరిచూసే కెర్నల్ అమరిక ‘ఆర్‌పీ_ఫిల్టర్’ విలువ 1 ఉందేమో చూసి 2 చేయండి. మీకు లైన్లు నేరుగా యంత్రానికే వస్తున్నాయి కనుక ఇంతటితో సరిపోతుంది. మధ్యలో నాట్ చేసే (లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చే) రౌటర్ ఉన్నవారు మాత్రం పబ్లిక్ చిరునామాను స్క్విడ్‌లో రాయకూడదు. యంత్రం మీద లేని చిరునామాతో అది కనెక్షన్ తెరవలేదు. అలాంటివారు యంత్రానికి రెండు ప్రైవేటు చిరునామాలిచ్చి, ఏది ఏ లైనులో పోవాలో రౌటర్‌లో చెప్పుకోవాలి.

వాడుకరిని బట్టి చిరునామా మార్చేటప్పుడు ఒకసారి తెరిచిన కనెక్షన్‌ను మళ్లీ వాడే ‘సర్వర్_పర్సిస్టెంట్_కనెక్షన్స్’ను ఆఫ్ చేయమని స్క్విడ్ పత్రాలే సూచిస్తున్నాయి, లేకపోతే ఒకరి కోసం తెరిచిన కనెక్షన్ మరొకరికి అందే ప్రమాదం ఉంది. కొంత వేగం తగ్గుతుంది. నన్నడిగితే, వాడుకరిని బట్టి కాక, ఆ పత్రికల డొమైన్లను బట్టి మొదటి చిరునామా కేటాయించడమే మేలు: గ్రంథాలయంలో సినిమా పాటలు వినేవారికి చందా చిరునామాతో పనేముంది? అయితే హాస్టల్ నుంచి కూడా పత్రికలు తెరుచుకుంటాయి, చందా ఒప్పందం అందుకు అనుమతిస్తుందో లేదో ముందుగా చూసుకోండి.

మార్పులు చేశాక ‘స్క్విడ్ -కే పార్స్’తో తప్పులు సరిచూసి, ఆపైన ‘స్క్విడ్ -కే రీకాన్ఫిగర్’ ఇవ్వండి. పరీక్షించేటప్పుడు క్యాష్‌లోంచి (స్క్విడ్ ముందే దాచుకున్న ప్రతుల్లోంచి) వచ్చిన పేజీ అసలు బయటికే వెళ్లదని గుర్తుంచుకోండి. లాగ్‌లో (నమోదు ఫైలులో) ఏమి రాయాలో చెప్పే లాగ్‌ఫార్మాట్‌లో శాతం గుర్తు, ‘కంటే తక్కువ’ గుర్తు, చిన్న అక్షరాల్లో ఎల్, ఏ వరుసగా చేర్చితే ఏ కోరిక ఏ చిరునామాతో వెళ్లిందో లాగ్‌లోనే కనిపిస్తుంది. అక్కడ ఐపీవీ6 (కొత్త తరం; పైన మీరు రాసినవి ఐపీవీ4) చిరునామా కనిపిస్తే ఆశ్చర్యపోకండి: గమ్యానికి ఐపీవీ6తో వెళ్లేటప్పుడు మీరు రాసిన ఐపీవీ4 వరుసలను స్క్విడ్ దాటేస్తుంది, దానికి వేరే వరుస రాయాల్సిందే.