పెద్దతాతయ్య తద్దినం ఏ తిథిన పెట్టాలి?

ప్రశ్న: మా తాతయ్యకు అన్నగారైన మా పెద్దతాతయ్య రెండవ ప్రపంచ యుద్ధంలో భారత వైమానిక దళంలో చేరి, బాంబులు వేసే విమానంలో పనిచేస్తూ 22 ఏళ్ల వయసులో పోయారు. 1944 ఫిబ్రవరి మూడో వారంలో ఆయన కనిపించడం లేదని తంతి వచ్చింది. కొన్ని నెలలకు, బర్మాలోని ఆరకాన్ ప్రాంతంలో బాంబు దాడికి వెళ్లి తిరిగి రాలేదు కనుక మరణించినట్లే భావిస్తున్నామని ఉత్తరం వచ్చింది. కొడుకు వస్తాడనే నమ్మకంతో మా ముత్తవ్వ చివరిదాకా కర్మ చేయనివ్వలేదు. ఒంటి రెక్క గుర్తు ఉన్న యూనిఫాంలో ఆయన ఫోటో ఒకటి మా దగ్గర ఉంది. ఆయన ఎలా పోయారు, పేరు ఎక్కడైనా ఉందా, తద్దినం ఏ తిథిన పెట్టాలి? – ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఫోటోను భూతద్దంతో చూడండి. విమానం నడిపేవారికి ఛాతీపై రెండు రెక్కలు ఉండేవి. ఒంటి రెక్క ఉన్నదంటే ఆయన పైలట్ కాదు. రెక్క మొదట్లో ఉండే గుండ్రని చుట్టులో ఇంగ్లీషు అక్షరం ‘ఎన్’ అయితే దారి లెక్కగట్టే నావిగేటర్, ‘ఏజీ’ అయితే తుపాకీ పట్టిన గన్నర్ అని అర్థం.

ఆ నెలల్లో ఆరకాన్ మీద బాంబులు వేసిన భారత దళం 8వ స్క్వాడ్రన్. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ దగ్గరి డబుల్ మూరింగ్స్ అనే స్థావరం నుంచి అది వెంజెన్స్ అనే అమెరికా విమానాలను నడిపింది. 1944 ఫిబ్రవరి మొదటి వారంలో జపాను సైన్యం ఆరకాన్‌లో ఒక్కసారిగా విరుచుకుపడి మన 7వ డివిజన్‌ను చుట్టుముట్టినప్పుడు, కింద చిక్కుకున్న సిపాయిలకు పైనుంచి అండగా నిలిచినవాటిలో ఈ విమానాలూ ఉన్నాయి. వెంజెన్స్ చాలా ఎత్తు నుంచి దాదాపు నిట్టనిలువుగా కిందికి దూకి, గురి మీద బాంబు వదిలి, మళ్లీ పైకి లేచేది. అలా లేచేటప్పుడు ఒంట్లోని రక్తమంతా కాళ్లకు దిగి కళ్లు చీకట్లు కమ్మేవి. వెనక సీటులో కూర్చున్నవాడు పటం చూడాలి, రేడియో వినాలి, వెనక నుంచి వచ్చే శత్రు విమానాన్ని తుపాకీతో ఎదుర్కోవాలి. ఒంటి రెక్కను బట్టి మీ పెద్దతాతయ్యగారి చోటు అదే అయి ఉండాలి. 22 ఏళ్ల కుర్రవాడు ఆ సీటులో కూర్చుని నేల తన మీదికి దూసుకొస్తుంటే చూశాడన్న తలపు నన్ను వదలడం లేదు.

ఐరోపా మీద ఎగిరిన లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబర్ విమానంలో ఏడుగురు ఉండేవారు. వెంజెన్స్‌లో ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరూ అడవిలోనో సముద్రంలోనో పడిపోతే, బారులో ఎగిరిన తక్కిన విమానాలవారు చూసిందే సాక్ష్యం. వారికీ ఏమీ కనిపించకపోతే దళం రాయగలిగిన మాట ‘కనిపించడం లేదు’ అన్నదొక్కటే. మీ ముత్తవ్వగారు ఆ మాటను పట్టుకుని ఎదురుచూడటంలో తప్పేమీ లేదు.

పేరు సంగతికి వస్తే, దక్షిణ, తూర్పు ఆసియాల మీద ఎగిరి, సమాధి తెలియకుండా పోయిన వైమానికుల పేర్లను సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద చెక్కారు. అక్కడ సైనికులవి, వైమానికులవి కలిపి 24,000కు పైగా పేర్లు ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం ఆ జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకనిస్తుంది. మన పేర్లను అప్పటి గుమాస్తాలు తమకు వినబడినట్లు ఇంగ్లీషులో రాసుకున్నారు కనుక ఇంటిపేరుతోనూ, అసలు పేరుతోనూ, రకరకాల స్పెల్లింగులతోనూ వెతకండి. ఊరి వివరం ఇచ్చి ఉంటే జిల్లా నెల్లూరు అనే ఉంటుంది; కందుకూరు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. ఉత్తరంలో సర్వీసు నంబరు ఉంటే పేరు తప్పుగా రాసినా మనిషి దొరుకుతాడు.

ఆ నమోదులో సాధారణంగా మరణ తేదీ ఉంటుంది. ఇలాంటివారి విషయంలో అది విమానం తిరిగి రాని రోజు. తంతి వచ్చిన వారాన్ని బట్టి చూస్తే అది స్వభాను నామ సంవత్సర మాఘ మాసం కావచ్చు. కచ్చితమైన తేదీ చేతికొస్తే మీ పురోహితులు పాత పంచాంగం చూసి తిథి చెబుతారు. అంతవరకు ఆగలేకపోతే, ఆయుధాల వల్ల మరణించినవారికి భాద్రపద బహుళ చతుర్దశినాడు, తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు పెట్టే ఆచారం మన వైపు ఉన్నదే. రెక్క దగ్గరి అక్షరం, ఉత్తరంలోని నంబరు నాకు రాసి పంపితే వెతకడంలో నేనూ తోడుంటాను.